కథలోకి విశ్వాసం అతికించినట్టు కాకుండా ఎలా వస్తుంది? మిర్చి గోడౌన్ కథ మీద మీ అభిప్రాయాలు కావాలి

నల్లపాడు_రచయిత్రి · ఆదివారం, రాత్రి 9:15

అందరికీ వందనాలు. గుంటూరు నుంచి రాస్తున్నాను. ఒక కథ దగ్గర ఆగిపోయాను. పెద్దలూ తోటి రచయితలూ సాయం చెయ్యాలి.

కథ ఇదీ. సలోమి ఎండుమిర్చి గోడౌన్‌లో తొడిమలు తీసే పనికి వెళుతుంది. కిలోకి ఇంత అని కూలి. కూతురు పదో తరగతి. ఫీజు బాకీ కట్టకపోతే హాల్ టికెట్ ఇవ్వం అంటున్నారు. ఎగుమతి ఆర్డరు తొందరలో యజమాని ఆదివారం కూడా పనికి రమ్మంటాడు, కూలి రెట్టింపు ఇస్తానంటాడు. సలోమి పనికి పోకుండా చర్చికి పోతుంది. మోకాళ్లూని ప్రార్థన చేస్తుంది. ఇంటికొచ్చేసరికి గుమ్మం దగ్గర ఒక కవరు, అందులో సరిగ్గా ఫీజుకి సరిపడా డబ్బు. చివర పాస్టరుగారు వాక్యం చదివి వివరిస్తారు. పక్కింటివాళ్లు కూడా ప్రభువును నమ్ముకుంటారు.

మా స్త్రీల కూడికలో చదివితే చాలామంది కళ్లు తుడుచుకున్నారు. అదే కథ ఒక వారపత్రికకు పంపితే, బాగా మొదలై సగం నుంచి ప్రసంగం అయిందని రాసి తిప్పి పంపారు. ఒక క్రైస్తవ మాసపత్రికవాళ్లు దీనికి పూర్తిగా ఎదురు అడిగారు. ఇంకో రెండు వచనాలు కలపండి, చివర రక్షణ ప్రార్థన పెట్టండి అని.

నా విశ్వాసం నాకు ప్రాణం. దాన్ని దాచి రాయడం నావల్ల కాదు. అలాగని పాఠకుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి పాఠం చెప్పడమూ నాకు ఇష్టం లేదు. సలోమి బతుకులో ప్రభువు ఎట్లా ఉన్నాడో కథలో కూడా అట్లాగే ఉండాలి. దారి చెప్పండి.

పటమట_సహోదరుడు · ఆదివారం, రాత్రి 9:48

అక్కా, వందనాలు. సూటిగానే చెబుతాను. వచనాలు తీసెయ్యమనే సలహాలు మీకు చాలా వస్తాయి, వినొద్దు. "వినుట వలన విశ్వాసము కలుగును" అని రోమా పత్రిక పదో అధ్యాయంలో ఉంది. ప్రభువు పేరు ఎత్తకుండా మంచితనం గురించి రాస్తే అది నీతికథ. అలాంటివి రాసేవాళ్లకు తెలుగులో కొదవ లేదు.

నేను విజయవాడ బస్టాండులో కరపత్రాలు పంచుతాను. ఆ కాగితం మనిషి చేతిలో ఉండేది బస్సు వచ్చేదాకానే. ఆలోపు చెప్పాల్సింది చెప్పకపోతే ఆ మనిషి మళ్లీ కనిపించడు. కథ రాసేవాళ్లకూ ఆ భారం ఉండాలని నా నమ్మకం.

బ్రాడీపేట_పాఠకురాలు · ఆదివారం, రాత్రి 10:20

నేను క్రైస్తవురాలిని కాను, కథలు చదవడం ఇష్టమై ఈ వేదికలో చేరాను. బయటి పాఠకురాలి మాట కూడా మీకు పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

సహోదరుడు గారూ, కరపత్రం అందుకున్న మనిషికి అది కరపత్రమని తెలుసు. కథ చేతిలోకి తీసుకున్న మనిషి సలోమి కోసం వస్తాడు. ఆమె ప్రార్థన చేస్తే నేను పుస్తకం మూయను. ఎంతసేపు చేసినా మూయను. ఆ ప్రార్థన నాకు వినిపించడానికే చేస్తోందని అనుమానం వచ్చిన క్షణాన మాత్రం మూసేస్తాను.

మన కథల్లో ఎవరో ఒకరు భవానీ దీక్ష తీసుకుంటారు. ఎర్రబట్టలు కట్టుకుని, ఇరుముడి నెత్తిన పెట్టుకుని ఇంద్రకీలాద్రికి నడుస్తారు. దీక్ష అంటే ఏమిటో రచయిత ఆగి వివరించడు. ఆ మనిషి ఏ బాధతో నడుస్తున్నాడో చూపిస్తాడు, అంతే. మీవాళ్ల కథల్లో మాత్రం చర్చిలోకి అడుగుపెట్టగానే రచయిత మైకు అందుకుంటారు. నాకు తెలుసుకోవాలని ఉన్నవి అక్కడ దొరకవు. సలోమి ఆ పూట ఏ చీర కట్టుకుంది? మిర్చి ఘాటుకి మండే వేళ్లతో పాటల పుస్తకం పేజీ ఎట్లా తిప్పింది? పక్కన కూర్చున్నామె దగ్గి ఇబ్బందిపడి కాస్త జరిగిందా? ఇవి చెప్పండి, ఆమెతోపాటు నేనూ చాప మీద కూర్చుంటాను.

ఇంకొకటి అడగాలి. గుమ్మం దగ్గర ఆ కవరు పెట్టింది ఎవరు?

పాస్టరుగారి_పెద్దమ్మాయి · ఆదివారం, రాత్రి 11:05

అక్కా, మీ కూడికలో వాళ్లు ఏడ్చింది నిజమే, వారపత్రికవాళ్లు అన్నదీ నిజమే. రెండూ ఎట్లా నిజమో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

నేను పెరిగింది పాస్టరుగారి ఇంట్లో. శుక్రవారం ఉపవాస కూడికల్లో సాక్ష్యాలు వింటూ పెరిగాను. సాక్ష్యం చెప్పడం మనవాళ్లకు బాగా వచ్చిన విద్య. ఒకామె లేచి, కొంగు తలమీదకి లాక్కుని, "పోయిన నెల మా ఆయనకి ఆపరేషన్ అన్నారు, చేతిలో రూపాయి లేదు" అని మొదలుపెడుతుంది. డబ్బు ఎట్లా వచ్చిందో మూడు వాక్యాల్లో చెప్పి కూర్చుంటుంది. అందరం స్తోత్రం అంటాం. మనకు ఆ మూడు వాక్యాలే ఎందుకు సరిపోతాయంటే, పోయిన నెలంతా ఆమెను చూశాం. వాచిన కళ్లు చూశాం. మా అమ్మ ఆమెను వంటింట్లోకి పిలిచి అన్నం పెట్టడం నేను చూశాను. కానుకల సంచీ వచ్చినప్పుడు చెయ్యి పెట్టకుండా పక్కకి పంపి తల దించుకోవడం చూశాను. చెప్పని భాగమంతా మన దగ్గరే ఉంటుంది.

కథ చదివే మనిషి దగ్గర ఆ నెల లేదు. మీరు సాక్ష్యాన్ని సాక్ష్యంగానే రాశారు. కూడికలో ఉన్నవాళ్లు తమ దగ్గరున్న నెలను దానికి కలుపుకున్నారు. బ్రాడీపేట గారికి ఆ నెల మీరే రాసివ్వాలి. రాసిచ్చాక, చివర డబ్బు వచ్చిందా రాలేదా అన్నది మీరు అనుకున్నంత పెద్ద విషయం కాకపోవచ్చు.

ఇంకో సంగతి. మన కథల్లో పాస్టరు అయితే దేవదూత, లేకపోతే దొంగ. మా నాన్నగారు రెండూ కాదు. రాత్రి పదకొండింటికి ఎవరో తలుపు కొడితే లుంగీ సర్దుకుని లేచేవారు. అమ్మ లేచి ఉన్న చారులో ఇంకాస్త నీళ్లు పోసి మరగబెట్టేది. వచ్చినవాళ్లు ఏడుస్తుంటే నాన్న చాలాసార్లు ఏమీ మాట్లాడేవారు కాదు, పక్కన కూర్చునేవారు. అలాంటి పాస్టరు కథల్లో నాకు ఎప్పుడూ కనపడలేదు.

పాతకీర్తన · సోమవారం, ఉదయం 6:10

అమ్మా, నేను గుంటూరు లూథరన్ సంఘంలో పుట్టి పెరిగినవాణ్ణి. తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యాను. ఈ చర్చ చూసి సంతోషం వేసింది.

లూథరన్ మిషనరీ హయ్యర్ దొర గుంటూరు వచ్చింది 1842లో. ఆ తరవాత మన ఇళ్లలోకి విశ్వాసం ఎక్కువగా వచ్చింది పాటగా, కథగా. బైబిలు స్త్రీలు ఇంటింటికీ తిరిగి, వంటింటి గడపల దగ్గర కూర్చుని కథలు చెప్పేవాళ్లు. పాత కీర్తనల పుస్తకం తెరిస్తే కీర్తనకు పైన రాగం, తాళం వేసి ఉంటాయి. అంటే ఆనాటివాళ్లు ఇక్కడి చెవికి నచ్చేలా కూర్చారు. క్రీస్తు కథ బయటివాళ్లు చదవరన్నది కూడా నిజం కాదు. జాషువాగారి 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. మన పక్క వినుకొండలో పుట్టి, గుంటూరులో కన్నుమూసిన కవి ఆయన.

ఇక కథనం సంగతి. పద్ధతి కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, బైబిల్లోనే చూడండి. ఎస్తేరు గ్రంథంలో దేవుని పేరు ఒక్కసారి కూడా రాదు. యూదులందరినీ చంపడానికి ఆజ్ఞ వెళ్లింది, యూదురాలైన రాణి ఎస్తేరు మూడు రోజులు ఉపవాసం ఉంది. కథ మలుపు తిరిగింది ఎక్కడ? ఆ రాత్రి రాజుకు నిద్ర పట్టలేదు. నిద్ర పట్టక రాజ్యపు సమాచార గ్రంథం తెప్పించి చదివించుకున్నాడు. అందులో ఎస్తేరును పెంచిన మొర్దెకై రాజుకు చేసిన మేలు బయటపడింది. నిద్ర పట్టకపోవడం, ఒక పాత లెక్కల పుస్తకం. దేవుడు కలిగించాడని రచయిత చెప్పలేదు, విశ్వాసి అయినవాడికి చెప్పాల్సిన పనీ లేదు.

తప్పిపోయిన కుమారుని కథ చూడండి. ఆస్తి తగలేసి తిరిగొచ్చిన తమ్ముడికి తండ్రి విందు చేస్తే, పెద్దకొడుకు కోపంతో బయటే నిలబడ్డాడు. తండ్రి బయటికొచ్చి బతిమాలాడు. లోపలికి పోయాడా? లూకా చెప్పడు. ఎందుకంటే వింటున్న పరిసయ్యులే ఆ పెద్దకొడుకు, జవాబు వాళ్ల నోట రావాలి. యోనా గ్రంథం కూడా ప్రశ్నతోనే ఆగిపోతుంది, ఆ తరవాత వాక్యం లేదు. దారిలో గాయపడ్డవాణ్ణి ఆదుకున్న సమరయుని కథ చెప్పి ప్రభువు పాఠం చెప్పలేదు, ఈ ముగ్గురిలో ఎవడు పొరుగువాడని ఎదురు అడిగాడు.

సలోమి కథలో చివరి పేజీ మీరు పాస్టరుగారికి ఇచ్చేశారమ్మా. అది పాఠకుడిది.

పటమట_సహోదరుడు · సోమవారం, ఉదయం 7:32

మాస్టారూ, మీ అంత చదువు నాకు లేదు. కానీ నాతాను ప్రవక్తను మీరు వదిలేశారు. ఇంకొకడి భార్యను తీసుకున్న దావీదు రాజుకు, ధనవంతుడు లాక్కున్న పేదవాడి గొర్రెపిల్ల కథ చెప్పాడు. దావీదుకు కోపం వచ్చింది. నాతాను అక్కడితో ఆగి ఇంటికి పోలేదు. "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. ఆ మాట లేకపోతే దావీదు ఆ ధనవంతుణ్ణి తిట్టుకుంటూ హాయిగా నిద్రపోయేవాడు. విత్తువాని ఉపమానం కూడా ప్రభువు శిష్యులకు విడమరిచి చెప్పాడు. వివరణ ఇవ్వడం తప్పు ఎట్లా అవుతుంది?

పాతకీర్తన · సోమవారం, ఉదయం 8:04

మంచి మాట పట్టుకున్నారు నాయనా. తప్పు కాదు. మార్కు నాలుగో అధ్యాయం చూడండి. ఉపమానాలు జనానికి, వివరణ ఏకాంతంలో శిష్యులకు. శిష్యులు వెంట వచ్చి అడిగారు, అప్పుడు చెప్పాడు. నాతాను కూడా ముందు కథ పూర్తిగా చెప్పాడు, దావీదు కడుపులోంచి కోపం రానిచ్చాడు, ఆ తరవాతే వేలు చూపించాడు. ముందే వేలు చూపిస్తే రాజు కథ వినేవాడే కాదు. మీరు కథ చదివినవాడితో తరవాత కూర్చుని మాట్లాడండి, నేనూ వస్తాను. కథలోపల మాత్రం దావీదుకు కోపం వచ్చేంత చోటు ఉంచాలి.

సింగ్‌నగర్_కుర్రాడు · సోమవారం, మధ్యాహ్నం 1:40

అన్నలకూ అక్కలకూ వందనాలు. నేను మా చర్చి యూత్‌కి క్రిస్మస్ నాటికలు రాస్తాను. ఏటా ఒకటే కోరిక: తాగుబోతు భర్త, ప్రార్థించే భార్య, చివర భర్త సీసా పగలగొట్టి మోకాళ్ల మీద పడాలి. చప్పట్లు మోగుతాయి. మా వీధిలో మాత్రం పదేళ్లుగా ప్రార్థిస్తున్న ఆడవాళ్లు, ఇంకా తాగుతున్న భర్తలు ఉన్నారు. వాళ్లు మొదటి వరసలో కూర్చుని ఆ నాటిక చూస్తారు. ఆ చప్పట్ల మధ్య వాళ్ల ముఖాలు చూడటం నాకు కష్టంగా ఉంటుంది. వాళ్ల విశ్వాసం తక్కువనా ఆ నాటిక చెబుతున్నది?

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి మా పేట మునిగింది. నీళ్లు దిగడానికి రోజులు పట్టింది. తరవాత కూడికల్లో దేవుడు మమ్మల్ని కాపాడాడని చెప్పినవాళ్లున్నారు, అది నిజం. అంతే ప్రార్థన చేసి ఇంట్లో సామానంతా పోగొట్టుకున్నవాళ్లూ అదే కూడికలో ఉన్నారు. వాళ్ల కథ ఎట్లా రాయాలో తెలియక చాలా రోజులు టెన్షన్ పడ్డాను.

చివరికి మా అమ్మమ్మను రాశాను. మేడ పిట్టగోడ మీద రేషన్ కార్డు, ఆధార్ కార్డులు, నా మార్కుల లిస్టులు, వాటి పక్కన తడిసిన బైబిలు ఆరబెట్టింది. పేజీలు అంటుకుపోయాయి. రోజంతా కూర్చుని పిన్నీసు మొనతో ఒక్కో పేజీ విడదీసింది, మధ్యమధ్య టాల్కం పౌడరు చల్లింది. అన్నీ పోగొట్టుకున్న భక్తుడి కథ, యోబు గ్రంథం దగ్గర కొన్ని పేజీలు విడిపోలేదు, చిరిగిపోతాయని వదిలేసింది. కింద పక్కింటామె బురద ఎత్తిపోస్తూ, "ఏం పిన్నీ, ఇంత జరిగాక కూడానా" అంది. అమ్మమ్మ, "ఇంత జరిగింది కాబట్టే కదే" అంది. కథలో విశ్వాసం గురించి అంతకన్నా ఒక్క మాట రాయలేదు. మా యూత్‌లో చదివిన ఒకబ్బాయి రాత్రి ఫోన్ చేసి చాలాసేపు యోబు గురించి అడిగాడు.

పటమట అన్నా, మీరు చెప్పిన వినడం అక్కడ మొదలైంది.

గుణదల_మెట్లు · సోమవారం, సాయంత్రం 6:25

ఇక్కడ అందరూ కూడికలూ సాక్ష్యాలూ అంటున్నారు, మా కథోలికుల మాట కూడా ఒకటి కలుపుతాను. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల వచ్చి కొండ కింద నిలబడితే రచయితకు ఏడాదికి సరిపడా కథలు దొరుకుతాయి. 1924లో మరియమాత విగ్రహం పెట్టినప్పటి నుంచీ జనం వస్తూనే ఉన్నారు. బిడ్డ పుట్టెంట్రుకలు తీయించడానికి వచ్చిన దంపతులుంటారు, కొవ్వొత్తి చేతిలో పట్టుకుని మోకాళ్ల మీద మెట్లెక్కే ముసలామె ఉంటుంది. వాళ్లలో క్రైస్తవులు కానివాళ్లు బోలెడుమంది. కొబ్బరికాయతో వస్తారు, బొట్టుతో వస్తారు.

నా ఉద్దేశం ఏమిటంటే, మన ఊళ్లలో విశ్వాసికీ అవిశ్వాసికీ మధ్య కథల్లో గీసినంత గట్టి గీత ఉండదు. కథలో క్రైస్తవేతర పాత్ర వచ్చిందంటే అయితే దుర్మార్గుడు, లేకపోతే చివరి పేజీలో మారేవాడు. సలోమి పక్కన కూర్చుని తొడిమలు తీసే ఆడవాళ్లలో హిందువులుంటారు, ముస్లిములుంటారు. వాళ్లలో ఒకరికి కథలోకెల్లా పదునైన మాట ఇవ్వండి. సలోమి దగ్గర దానికి జవాబు లేకపోయినా ఫర్వాలేదు.

అరండల్‌పేట_అద్దె · సోమవారం, రాత్రి 8:50

అందరూ ఫీజులు, వరదలు రాస్తున్నారు. మనవాళ్లు రాయకుండా దాటేసేది ఇంకొకటుంది. చర్చి రిజిస్టరులో ఒక పేరు, స్కూలు రికార్డులో ఇంకో పేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. క్రైస్తవుడైన దళితుడికి లేదు, మన రాష్ట్రంలో బీసీ-సీ కిందకు వస్తాడు. ఒక తండ్రి కూతురి సీటు కోసం మండలాఫీసులో ఏ పేరు చెబుతాడు? ఆదివారం ప్రభు భోజనపు బల్ల దగ్గరికి ఏ పేరుతో వెళతాడు? విశ్వాసానికి నిజంగా ఖరీదు పడేది అక్కడ. రాయడానికి ధైర్యం కావాలి, రాస్తే మాత్రం ఎవరూ ప్రసంగం అనరు.

వేదిక_నిర్వాహకుడు · సోమవారం, రాత్రి 9:10

అరండల్‌పేట గారూ, చాలా ముఖ్యమైన అంశం. ఇందులోనే నడిపితే రెండు చర్చలూ చెదిరిపోతాయి కాబట్టి దానికి వేరే చర్చ తెరిచాను. అక్కడ రాయండి. ఇక్కడ సలోమి కథ కొనసాగిద్దాం.

నల్లపాడు_రచయిత్రి · మంగళవారం, రాత్రి 10:30

అందరికీ కృతజ్ఞతలు. పగలంతా నన్ను వెంటాడింది బ్రాడీపేట గారి ప్రశ్న. ఆ కవరు ఎవరిది? మన సాక్ష్యాల్లో డబ్బు ఆకాశం నుంచి పడదు, ఎవరి చేతుల మీదుగానో వస్తుంది. ఆ చెయ్యి ఎవరిదని ఆలోచిస్తూ పోతే కథే మారిపోయింది. గుమ్మం దగ్గర కవరు తీసేశాను, పాస్టరుగారి వివరణ తీసేశాను. ఇప్పుడు శనివారం బట్వాడా రోజున గుమాస్తా సలోమికి ఆమె అనుకున్నదానికన్నా ఎక్కువ ఇస్తాడు. తీరా చూస్తే ఫీజుకు సరిపోతుంది. స్తోత్రం అనుకుని ఇంటికొస్తుంది. అక్కడి నుంచి చదవండి.

"షేర్ ఆటోలో కోటమ్మ ఎదురుగా కూర్చుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మిర్చికి అందరి కళ్లూ ఎర్రగానే ఉంటాయి కాబట్టి సలోమి పట్టించుకోలేదు.

'ఈ వారం సగానికి సగం కోసేశాడు,' అంది కోటమ్మ ఎవరితోనో. 'అరవై ఒకటో నంబరుకి అంతే పడిందంటాడు. నేను తీసిన కాయ నాకు తెలీదా? అడిగితే కసిరాడు.'

సలోమి కొంగు ముడి మీద చెయ్యి వేసుకుంది. ఆమె టోకెను పదహారు.

రాత్రి కూతురు నిద్రపోయాక డబ్బు ముందు పెట్టుకుని కూర్చుంది. ప్రభువా, అడిగాను, ఇచ్చావు అంది. ఆ తరవాత మాట రాలేదు. పదహారు, అరవై ఒకటి. గుమాస్తా పుస్తకంలో రాత వంకరగా ఉంటుంది. పొరపాటు వాడిది. అడగాల్సింది కోటమ్మ, అడిగింది కూడా. పోయిన ఏడాది కుళాయి దగ్గర బిందె తోసేసిందీ కోటమ్మే. సలోమి మళ్లీ లెక్కపెట్టింది. వేళ్లు మండుతున్నాయి. కొబ్బరినూనె రాసుకుని, ఆ చేతులతో నోట్లు ముట్టుకోవడం ఇష్టం లేక అలాగే కూర్చుండిపోయింది.

తెల్లవారి, చర్చికి కట్టుకునే చీర కట్టుకుని కోటమ్మ ఇంటికి వెళ్లింది. కోటమ్మ గిన్నెలు తోముతోంది. సంగతి విని, చేతులు తుడుచుకుని, డబ్బు రెండుసార్లు లెక్కపెట్టుకుంది.

'నీకు రాత్రే తెలుసా?'

'తెలుసు.'

'మరి రాత్రే ఎందుకు రాలేదు?'

సలోమి దగ్గర జవాబు లేదు."

ఇక్కడితో ఆపేశాను. ఫీజు ఎట్లా కట్టిందో రాయలేదు.

బ్రాడీపేట_పాఠకురాలు · మంగళవారం, రాత్రి 11:02

చదివి చాలాసేపు ఫోన్ పక్కన పెట్టలేకపోయాను. ఆ రాత్రి సలోమి ఎందుకు వెళ్లలేదో నాకు తెలుసు, నేనైనా వెళ్లేదాన్ని కాదు. తెల్లారి ఎందుకు వెళ్లిందో మాత్రం ఇంకా ఆలోచిస్తున్నాను. బిందె సంగతి ఉంచండి. ఆ బిందె లేకపోతే ఆమె మంచితనం అంత కష్టంగా అనిపించదు.

పాస్టరుగారి_పెద్దమ్మాయి · బుధవారం, ఉదయం 5:50

మీరు రాసిన ప్రార్థన నిజమైన ప్రార్థన అక్కా. "అడిగాను, ఇచ్చావు" అన్నాక మాట ఆగిపోయిందే, అక్కడే నాకు ప్రభువు ఉన్నాడనిపించింది. తనకొచ్చిన జవాబే తనకు పరీక్ష అయింది. కూతురి హాల్ టికెట్ గురించి ఒక్క వాక్యమైనా మధ్యలో మళ్లీ గుర్తుచేయండి, ఆ నోట్ల బరువు తెలియాలి.

పటమట_సహోదరుడు · బుధవారం, ఉదయం 7:15

అక్కా, రాత్రి చదివాను, పొద్దున మళ్లీ చదివాను. కోటమ్మ అడిగిన ప్రశ్న దగ్గర సలోమి నోట ప్రభువు మాట ఒకటి రావాలని నాకు ఇప్పటికీ ఉంది. దాచను. కానీ చదువుతుంటే మత్తయి ఐదో అధ్యాయం గుర్తొచ్చింది. బలిపీఠం దగ్గర అర్పణ అర్పిస్తుండగా నీ సహోదరునికి నీమీద విరోధం ఉందని జ్ఞాపకం వస్తే, అర్పణ అక్కడే విడిచిపెట్టి ముందు వెళ్లి సమాధానపడమన్నాడు ప్రభువు. సలోమి చేసింది అదే. మీరు వచనం రాయకుండానే వచనం మొత్తం అక్కడుంది.

అందుకని నాదొక మనవి. ఆ ఆదివారాన్ని నెలలో మొదటి ఆదివారం చేయండి, ప్రభురాత్రి భోజనం ఉండే రోజు. ఏమీ వివరించొద్దు. చాలా సంఘాల్లో మొదటి ఆదివారమే బల్ల ఉంటుంది కాబట్టి మనవాళ్లకు ఆ ముక్క చాలు. మిగతావాళ్లకు అదొక తేదీ మాత్రమే, అడ్డం రాదు.

పాతకీర్తన · బుధవారం, ఉదయం 7:58

నాయనా, ఈ చర్చ మొత్తంలో ఇంతకన్నా మంచి సలహా లేదు. మా లూథరన్ ఆరాధనలో బల్లకు ముందు పాపపు ఒప్పుకోలు సంఘమంతా కలిసి చెబుతాం. కోటమ్మ ప్రశ్న చెవిలో ఉండగానే సలోమి ఆలస్యంగా వచ్చి ఆ మాటలు అందరితో కలిసి చెబుతుందని మావాళ్లు వాళ్లంతట వాళ్లే ఊహించుకుంటారు. ఆ దృశ్యం మాత్రం రాయొద్దమ్మా, కోటమ్మ గుమ్మంలోనే ఆపండి.

నల్లపాడు_రచయిత్రి · బుధవారం, రాత్రి 9:20

మొదటి ఆదివారం చేశాను. మొదటి పేజీలోనే, కూతురితో "రేపు బల్ల ఉంది, చీర ఇస్త్రీ చెయ్యి" అనిపించాను. హాల్ టికెట్ మాట నోట్లు లెక్కపెట్టే చోట కలిపాను. ఇదే ప్రతి వారపత్రికకూ మాసపత్రికకూ పంపుతాను, ఒకరి కోసం ఒకటి, ఇంకొకరి కోసం ఇంకొకటి అని రాయను. మాసపత్రికవాళ్లు ప్రార్థన కలపమంటే వేరే పేజీలో వాళ్లే వేసుకోమని చెబుతాను, కథలో చెయ్యి పెట్టనివ్వను.

గుణదల_మెట్లు · బుధవారం, రాత్రి 9:41

కోటమ్మను బాగా రాశారు. ఆమె చివరి పేజీలో మారలేదు, మారాల్సిన పనీ లేదు.

సింగ్‌నగర్_కుర్రాడు · బుధవారం, రాత్రి 10:05

అక్కా, ఈ కథను నాటికగా వేసుకోనిస్తారా? సీసా పగలగొట్టే నాటిక బదులు ఈ డిసెంబరుకు ఇది వేస్తాం. సలోమికి జవాబు లేని చోట దీపాలు ఆర్పకుండా, అలాగే నిలబెట్టి తెర దించుతాను.

నల్లపాడు_రచయిత్రి · బుధవారం, రాత్రి 10:12

తప్పకుండా తమ్ముడూ. కోటమ్మ వేషం వేసే అమ్మాయిని మాత్రం బాగా చూసి ఎంచుకో.

అరండల్‌పేట_అద్దె · బుధవారం, రాత్రి 10:30

పంపేముందు ఒక సవరణ. మిర్చి యార్డుకు శని, ఆదివారాలు సెలవు. మీ కథలో శనివారం బట్వాడా, ఆదివారం పని అంటున్నారు కాబట్టి ఇది యార్డు కాదని, ప్రైవేటు గోడౌన్ అని మొదటి పేరాలోనే తేలిపోవాలి. నెల కూడా చెప్పండి. మార్చి మొదట్లో అయితే కాయ జోరుగా వచ్చే రోజులూ అవే, పదో తరగతి పరీక్షల ముందు రోజులూ అవే. రెండూ కుదురుతాయి.